అర టికెట్‌కు అర గోళీ

ఆయన పోయిన పదకొండో రోజున ఇంటి ముందు షామియానా కింద ఉన్నవాళ్ళు: భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, డిపో నుంచి డ్రైవర్లు ఆరుగురు, కండక్టర్లు నలుగురు, తొలి బస్సులో రోజూ తిరిగే టీచర్లు ముగ్గురు, సిర్గాపూర్ వైపు నుంచి ఒకే ఆటోలో దిగిన ఆడవాళ్ళు తొమ్మిది మంది, నేను. ఫోటో ముందు విస్తరిలో ఉన్నవి: జొన్నరొట్టెలు రెండు, పచ్చిపులుసు, వేయించిన పల్లీలు, ఒక బీడీకట్ట, గ్లాసులో చాయ్. విస్తరి అంచున, ఎవరు పెట్టారో తెలియదు, జ్వరం గోళీల పట్టీ ఒకటి.

పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెట్టడం ఆచారం. అయినా పెద్దకొడుక్కి సిగ్గేసినట్టుంది, పట్టీని తీసేయబోయాడు. పదేళ్ళు ఆయనతో బస్సు నడిపిన డ్రైవర్ దావీదు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. కాకపోతే రొట్టె ఇవుతల పెట్టు, గోళీ అవుతల పెట్టు. ఖాళీ కడుపుల ఆయన ఎవరికీ ఇయ్యలే."

కొడుకు నిజంగానే జరిపి పెట్టాడు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ఖేడ్‌లో సగం మంది గుర్తుపట్టరు. డిపోలో, బస్టాండులో, పట్నం దారి పొడుగునా ఆయన గోళీల కండక్టరే. పోయింది గుండె ఆగి, రిటైరైన ఏడాదిన్నరకు, పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగా. గోళీలకూ దీనికీ సంబంధం లేదని చూసిన డాక్టరును అడిగి తెలుసుకున్నాను. ఊళ్ళో మాత్రం రెండు అభిప్రాయాలున్నాయి. గోళీలు పంచినందుకు పోయాడని సగం మంది. పంచడం తగ్గించినందుకు పోయాడని మిగతా సగం.

నేను మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తాను. గోళీలను తూచడం, విరగ్గొట్టడం, నీళ్ళలో వేసి ఎన్ని నిమిషాలకు కరిగాయో రాయడం నా పని. కంపెనీ సంగారెడ్డి అవతల ఉంది. సోమవారం తొలి బస్సుకు ఖేడ్ నుంచి వెళ్ళి శనివారం సాయంత్రం వస్తాను. మూడేళ్ళపాటు ఆ రెండు ప్రయాణాల్లోనూ ఎక్కువసార్లు కండక్టర్ ఆయనే.

ఆయన తోలు సంచిలో మూడు అరలుండేవి. ఒకదాంట్లో చిల్లర, ఒకదాంట్లో నోట్లు, మూడోదాంట్లో గోళీలు. చిన్న కత్తెర ఒకటి దారంతో సంచికి కట్టి ఉండేది. గోళీల పట్టీ కొనగానే దాన్ని ఒక్కో గోళీగా నలుచదరంగా కత్తిరించేవాడు. ఆ కత్తిరింపులో మందు పేరు సగం ఒక ముక్క మీద, సగం ఇంకో ముక్క మీద పడేది. గడువు తేదీ ఎవరికీ పడేది కాదు. ఆ తేదీ ముద్ర సరిగా పడిందా లేదా అని చూడటానికి మా కంపెనీలో ఇద్దరు మనుషులను, ఒక కెమెరాను పెట్టారని ఒకసారి చెప్పాను. ఆయన జాలిగా చూశాడు. టికెట్టు ఎక్కినప్పటి నుంచి దిగేదాకా చెల్లుతుంది, గోళీ కూడా అంతేనన్నాడు.

నొప్పి ఎక్కడ అని ఆయన ఎవరినీ అడిగేవాడు కాదు. ఏడిదాక అని అడిగేవాడు. శంకరంపేట దాకా అయితే అర గోళీ. జోగిపేట దాకా ఒకటి. పట్నం దాకా పోయేవాళ్ళకు ఎక్కగానే ఒకటి, సంగారెడ్డి దాటాక ఇంకొకటి. తమాషాకు చేస్తున్నాడని మొదట అనుకున్నాను. మూడు వారాలు చూశాక తమాషా కాదని తేలింది. దూరం పెరిగితే చార్జీ పెరుగుతుంది కదా, నొప్పి మాత్రం ఎట్లా పెరగదు అనేది ఆయన వాదన. రెండు గోళీల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలుండాలి. ఖేడ్‌లో ఎక్కినప్పటి నుంచి సంగారెడ్డి దాటేదాకా మా బస్సుకు పట్టేది రెండు గంటల చిల్లర.

డబ్బులు తీసుకునేవాడు కాదు. దావీదు చెప్పినట్టు ఖాళీ కడుపున ఇచ్చేవాడు కాదు. గోళీ అడిగినవాళ్ళను ముందు తిన్నవా అని అడిగేవాడు, లేదంటే తన టిఫిన్ డబ్బాలోంచి రొట్టె ముక్క విరిచి ఇచ్చేవాడు. నొప్పి గోళీలు ఖాళీ కడుపును కోస్తాయని తెలిసి కాదు. మనిషి ఎదురుపడితే తిన్నవా అని అడగడం అలవాటు, అంతే. ఆ ఒక్క అలవాటు ఈ దారిలో ఎన్ని కడుపులను కాపాడిందో లెక్క కట్టడానికి నా దగ్గర పద్ధతి లేదు.

ఆయనకు గిరాకీ ఎందుకుండేదంటే, దవాఖానలో లైను ఉంటుంది. బస్సులో కూర్చున్న చోటికే వస్తాడు.

నాకు ఆయనతో పరిచయం పెరిగింది ఒక తలనొప్పితో. ఎక్కినప్పటి నుంచి తల పట్టుకుని కూర్చున్నాను. పట్నం ప్యాసింజరునని అనుకున్నాడో ఏమో, రెండు గోళీలు చేతిలో పెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి నీలం పట్టీది. తెల్లది తలకు, నీలంది ఒంటికి అన్నాడు. నీలం ముక్క మీద మిగిలిన నాలుగు అక్షరాలు చాలు నాకు. రెండూ ఒకటేనని చెప్పాను. రెండిట్లోనూ ఉన్నది పారాసెటమాలే, తయారుచేసిన కంపెనీలు వేరు, పెట్టిన పేర్లు వేరు.

ఆయన కడ్డీకి ఆనుకుని ఆలోచించాడు. "అంటే ఒక్కటే బస్సుకు ముందటొక బోర్డు, ఎన్కనొక బోర్డు పెట్టిండ్రంటవు."

అంతే అన్నాను. అంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన ఊరుకోలేదు. జోగిపేట రాగానే సంచి మూడో అరను నా ఒళ్ళో బోర్లించాడు. మొత్తం ముప్పై ఏడు ముక్కలు. నాలుగైదు రకాల పేర్లతో ఉన్నవాటిలో మూడు రకాలు పారాసెటమాలే. జలుబు గోళీ అని ఆయన వేరుగా దాచినదాంట్లో కూడా అదే ఉంది, పక్కన ఇంకో రెండు మందులతో కలిపి. ఒక్క పాస్ మీద నలుగురు ఇన్నాళ్ళూ తిరిగారని తెలిసినట్టు ఆయన ముఖం మాడిపోయింది. ఎవరినైనా దింపేయాలన్నంత కోపంగా ఆ జలుబు గోళీల వంక చూశాడు.

ఆరోజు ఆయన సంచిని నేనే సర్ది ఇచ్చాను. తెల్లవి, ఐదువందల మిల్లీగ్రాముల పారాసెటమాల్, ఒక డబ్బీలో. ఎర్రవి, నడుముకు, మోకాళ్ళకు వాడే గట్టి నొప్పి గోళీలు, ఇంకో డబ్బీలో. ఎర్రవి జ్వరం మనిషికి, ముఖ్యంగా వానకాలంలో, ఇవ్వొద్దని చెప్పాను. అది డెంగీ అయితే రక్తం పోవచ్చు, కిడ్నీలు బాగాలేనివాళ్ళకు మామూలు రోజుల్లోనూ చేటే. వానకాలం ఎర్రగోళీ బంద్ అని ఆయన బస్సంతటికీ వినబడేట్టు ప్రకటించాడు. కల్లు తాగి సాయంత్రం బస్సెక్కేవాళ్ళకు ఏ డబ్బీ తెరవొద్దని కూడా చెప్పాను. దానికి మాత్రం నవ్వాడు. అప్పుడు సాయంత్రం ట్రిప్పుకు డబ్బీలే తీసుకపోనవసరం లేదన్నాడు.

నేను ఒక కాగితం కూడా తయారుచేశాను. ఎన్ని కిలోల మనిషికి ఎంత మందు, ఎన్ని గంటలకొకసారి, రోజుకు ఎన్నిసార్లకు మించకూడదు. ప్లాస్టిక్ తొడిగించి డ్రైవర్ సీటు వెనక అంటించాను. రెండు వారాలు అందరూ శ్రద్ధగా చదివారు. మూడో వారం ఒక పెద్దాయన కండక్టరుతో తగువు పడ్డాడు. ఆరు గంటలకొకటి అని రాసిపెట్టి, రోజుకు నాలుగే నడిపితే పల్లెటూరోళ్ళు ఎట్ల పోవాలె అని. కాగితాన్ని బస్సుల టైముల పట్టిక అనుకున్నారు. దాన్ని నేనే గోకి తీసేశాను.

ఈ సంస్కరణలన్నీ పెద్దవాళ్ళ వరకే. పిల్లల విషయంలో ఆయనకు సొంత శాస్త్రం ఉండేది. అది ఇన్నేళ్ళ సర్వీసు మీద కట్టిన శాస్త్రం, నా సర్టిఫికెట్టు దాని ముందు నిలబడేది కాదు. ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు, కాబట్టి గోళీ లేదు. ఐదు నుంచి పన్నెండు దాకా అర టికెట్, అర గోళీ. పన్నెండు దాటితే ఫుల్.

ఈ శాస్త్రంలో చిక్కు ఎక్కడంటే, వయసు చెప్పేది తల్లులు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆడపిల్లల వయసు ఎవరికీ అక్కర లేకపోయింది. మగపిల్లల వయసు మాత్రం ఐదు దగ్గర ఆగిపోయి ఏళ్ళ తరబడి కదిలేది కాదు. పుట్టువెంట్రుకలు తీయించని పిల్లాడికి రెండు జడలేసి ఆడపిల్లని జీరో టికెట్ కొట్టించిన తల్లి ఉంది. అందుకని ఆయన వయసు అడగడం మానేసి నవ్వమనేవాడు. ముందు పన్ను ఊడి ఉంటే ఆరేళ్ళు నిండినట్టు. అర టికెట్. ఆయన ముందు నవ్వొద్దని తల్లులు పిల్లలకు నేర్పేవాళ్ళు. తొలి బస్సులో పిల్లలు అంత గంభీరంగా ఎందుకుంటారని కొత్తగా వచ్చిన టీచరమ్మ ఒకసారి నన్ను అడిగింది.

ఇప్పుడు చెప్పేది ఒక సోమవారం సంగతి.

సిర్గాపూర్ అవతలి పల్లె నుంచి వచ్చిన ఒకామె కొడుకును చంకనేసుకుని ఎక్కింది. పట్నంలో ఇళ్ళు కట్టేచోట కూలిపని. బోరంచ నల్లపోచమ్మకు బోనం చెయ్యడానికి మూడు రోజుల సెలవు మీద వచ్చింది. ముందురోజు తెల్లారేసరికి పిల్లాడికి జ్వరం పట్టింది. పది గంటలకల్లా పనిలో ఉండకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటానని మేస్త్రీ ఫోన్ చేశాడట. జ్వరం పిల్లాడితో వస్తే అసలు గేటు లోపలికే రానీయడట. పది గంటల లోపు జ్వరం దిగాలి. ఇదంతా ఆమె పక్కసీటు ఆమెతో చెప్తుండగా వెనక సీట్లో ఉన్న నాకు వినబడింది.

కండక్టర్ వచ్చాడు. పోరడికి ఎన్నేండ్లని అడిగాడు. నాలుగు అంది. నవ్వు బిడ్డా అన్నాడు. పిల్లాడు నవ్వలేదు, ఏడుపుకు నోరు తెరిచాడు. ముందు పన్ను లేదు.

"నాలుగేండ్లకే పండ్లు ఊడినయా. మస్తు జల్దీ మీదున్నడు."

ఆమె కిటికీ బయటికి చూసింది. వారం మొదటి రోజు కాబట్టి ఆయన కూడా మంచి మూడ్‌లో ఉన్నాడు, వదిలేశాడు.

శంకరంపేట దాటాక ఆమే పిలిచింది. ఒళ్ళు కాలిపోతుంది, ఒక గోళీ ఇయ్యి అన్నా అని. ఆయన ఈ అవకాశం కోసం ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు.

"నాలుగేండ్లోనికి గోళీ లేదు చెల్లె. అర టికెట్ ఉంటె అర గోళీ. రూల్ గట్లున్నది."

ఆమె పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. "ఆరేండ్లు. టికెట్ కొట్టు."

మిషన్ టికెట్ కక్కింది. ఆయన దాన్ని పైకెత్తి బస్సు ముందువైపుకూ వెనకవైపుకూ చూపించాడు. ఒక తల్లి తనంతట తాను కొడుకు వయసు పెంచి చెప్పడం తన సర్వీసులో ఇదే మొదటిసారని అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. బిస్కెట్టు తినిపించాక, తెల్ల గోళీని గోటితో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను తన సీసాలో నీళ్ళతో ఆయనే మింగించాడు. అప్పుడు ఆరున్నర.

ఇంతకుముందు మందు ఎప్పుడు వేశావక్కా అని అడిగాను. అనుమానంతో కాదు. మా దగ్గర ఏ కాగితం మీదైనా ముందు నింపాల్సిన గడి ఎప్పుడు అన్నదే.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చెప్తున్నకొద్దీ గొంతు తగ్గుతూ వచ్చింది. నేను టికెట్టు వెనక రాస్తూ వచ్చాను. ఆమె సంచిలో సీసాలు, పట్టీ అన్నీ ఉన్నాయి కాబట్టి చదివి మరీ రాశాను. నిన్న పొద్దున ఎనిమిదికి సిరప్పు, కూర వడ్డించే చిన్న గరిటెతో: పది మిల్లీలీటర్లు, ఐదువందల మిల్లీగ్రాములు. మధ్యాహ్నం మళ్ళీ అంతే. సాయంత్రం వాళ్ళత్త తన ఒళ్ళునొప్పుల పట్టీలోంచి ఆరువందల యాభై గోళీలో సగం: మూడువందల ఇరవై ఐదు. ఈ పొద్దున నాలుగింటికి, బయల్దేరే ముందు, పిల్లాడు చంటివాడిగా ఉన్నప్పటి చుక్కల మందు సీసా దొరికితే దాని మూత నిండా. చంటిపిల్లల మందు కదా, పలచగా ఉంటుందనుకుంది. చుక్కల్లో కొలిచి వేసేది కాబట్టి దాన్ని సిరప్పు కంటే చిక్కగా చేస్తారు. మూతెడు ఐదు మిల్లీలీటర్లు, ఐదువందలు. ఇప్పుడు బస్సులో రెండువందల యాభై. అన్నిట్లోనూ ఉన్నది ఒకటే మందు.

రెండువేల డెబ్బై ఐదు. ఇరవై రెండున్నర గంటల్లో.

కండక్టరును పిలిచి, ఈ పిల్లాడి బరువు కావాలి అన్నాను.

ఆయన దగ్గర కాంటా ఉండేది. కొక్కెంతో వేలాడే స్ప్రింగు కాంటా, లగేజీ బరువు మీద ప్యాసింజర్లు తగువు పడతారని సొంతంగా కొనుక్కున్నది. జోగిపేటలో చాయ్ కోసం బస్సు ఆగగానే దాన్ని వెనక డోరు కడ్డీకి తగిలించాడు. పిల్లాడిని తల్లి శాలువాలో మూటలా చుట్టి వేలాడదీశాం. నా కొడుకును మేకపిల్ల లెక్క జోకుతుండ్రు అని ఆమె దావీదుతో చెప్పుకుంది. ముల్లు పద్నాలుగు కిలోల నూరు దగ్గర ఆగింది. పిల్లాడిని దించి ఒట్టి శాలువాను తూచాను, మూడువందల గ్రాములు. శాలువాను ఎందుకు తూస్తున్నానో అడిగినవాళ్ళు లేరు. పిచ్చోడని అప్పటికే నిర్ణయించుకున్నట్టున్నారు.

"పదమూడు కిలోల ఎనిమిది వందలు" అన్నాను.

"గింతేనా? గీ బరువుకు లగేజి టికెట్ గూడ పడదు." అని, ఆయన మళ్ళీ పిల్లాడి వంక చూశాడు. "ఆరేండ్ల పోరడు గింత తేలికుంటడా?"

అప్పుడు ఆమె చెప్పింది. "నిజంగ నాలుగే అన్నా. పన్ను ఊడలే. పనికాడ ఇటుకల మీద పడితె ఇరిగింది. నువ్వు గోళీ ఇయ్యనంటివి, అందుకే ఆరు అన్న."

చాయ్ గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు.

పిల్లలకు మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి అని చెప్పాను. ఈ పిల్లాడి బరువుకు ఒకసారికి రెండువందల మిల్లీగ్రాములు. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. రోజంతటికీ కలిపి ఎనిమిది వందలు. పడింది దానికి రెండున్నర రెట్లు. కిలోకు నూట యాభై లెక్కన అయింది. అక్కడి నుంచి లివరు దెబ్బతినే అవకాశం మొదలవుతుంది, ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు పోవాలి.

"అంటే గోళీకి సీటు లెక్క గాదు" అన్నాడు ఆయన నెమ్మదిగా. "లగేజి లెక్క."

"అవును కాకా."

"నా అర గోళీ తీసేస్తె ఎంతైతది?"

చెప్పకుండా ఉండాల్సింది. కానీ అడిగింది అంకె. కిలోకు నూట ముప్పై రెండు అన్నాను.

ఆయన బస్సెక్కి కండక్టర్ సీట్లో కూర్చున్నాడు. ఆ సీటు ఎప్పుడూ ప్యాసింజర్ల సంచులకూ, ముసలివాళ్ళకూ ఉండేది. ఆయన అందులో కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. ఒక నిమిషం కూర్చుని లేచి, దావీదుకు రెండు విజిల్స్ కొట్టాడు. మధ్యలో ఏ స్టేజీలోనూ ఆపొద్దు, సీదా సంగారెడ్డి పెద్ద దవాఖాన గేటు ముందు ఆపు అన్నాడు.

జోగిపేట నుంచి సంగారెడ్డి దాకా స్టేజీల్లో చెయ్యెత్తినవాళ్ళందరూ మమ్మల్ని తిట్టారు. ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి ప్రతి స్టేజీకి చేతులు జోడించాడు. లోపల మధ్యలో దిగాల్సిన ఒకాయన మాత్రం గట్టిగా అరిచాడు. గోళీ ఇచ్చేటప్పుడు నన్నడిగి ఇచ్చినవా, ఇప్పుడు నా ఊరెందుకు దాటిస్తున్నవు అని. కండక్టర్ ఆయనతో వాదించలేదు. నువ్వన్నది కరెక్టే, తిరుగు బస్సులో నేనే దింపుత అన్నాడు.

దవాఖానలో డాక్టరమ్మ అడిగినవి నాలుగే: ఏ మందు, ఎంత, ఎప్పుడెప్పుడు, పిల్లాడి బరువెంత. టికెట్టు వెనక రాసింది ఇచ్చాను. మామూలుగా జనం ఒక తెల్లది, ఒక ఎర్రది అని చెప్తారని ఆమె అంది. కండక్టర్ తన చెప్పులు చూసుకున్నాడు. ఇలాంటప్పుడు మొదటిరోజు పిల్లలు ఆడుకుంటూనే ఉంటారని, లివరు సంగతి రక్తపరీక్షలో తెలియడానికి రెండు రోజులు పడుతుందని, అందాకా ఆగకుండా విరుగుడు ఇప్పుడే ఎక్కిస్తామని చెప్పింది. ఆమె చెప్తుండగానే పిల్లాడు కండక్టర్ సంచి కత్తెరతో ఆడుకోవడం మొదలుపెట్టాడు. అదేం భరోసా కాదని అప్పుడే విన్నాం కాబట్టి ఎవరికీ ముద్దు రాలేదు.

తల్లికి రెండు దిగుళ్ళు. కొడుకు, మేస్త్రీ. రెండో దిగులు కండక్టర్ చూశాడు. ఫోన్ తీసుకుని మేస్త్రీతో, తప్పు నాది, ఆమె పని తీసేస్తే రేపటి నుంచి నీ గేటు ముందల నేనొచ్చి కూసుంట, నాకు సెలవులు మస్తున్నయి అన్నాడు. అవతల ఏం వినబడిందో తెలియదు. ఫోన్ తిరిగి ఇస్తూ, నాలుగు రోజులు టైమిచ్చిండు అన్నాడు.

ఆ రెండు రోజులు ఆయన గోళీల అర తెరవలేదు. పొద్దున పట్నం వెళ్తూ ఒకసారి, సాయంత్రం తిరిగి వస్తూ ఒకసారి, బస్సును సంగారెడ్డి బస్టాండులో ఐదు నిమిషాలని చెప్పి నిలిపి, ఆటో ఎక్కి దవాఖానకు వెళ్ళి, పది నిమిషాలకు వచ్చేవాడు. తల్లికి రొట్టెల మూట, పిల్లాడికి ఖాళీ టికెట్ రోలు ఒకటి తీసుకెళ్ళాడట. ఆ వారం డిపోకు ఆయన మీద రెండు ఫిర్యాదులు అందాయని దావీదు చెప్పాడు. బస్సును స్టేజీల్లో ఆపలేదని ఒకటి. బస్సులో ఇన్నేండ్లుగా ఉన్న గోళీల సౌకర్యాన్ని ముందస్తుగా చెప్పకుండా ఎత్తేశారని ఇంకొకటి. మొదటిదానికి మెమో ఇచ్చారు. రెండోదానికి, అటువంటి సౌకర్యం ఏదీ లేదని అర్జీదారుకు ఎట్లా రాయాలో తెలియక పక్కన పెట్టారు. మెమోకు ఆయన ఇచ్చిన జవాబు నేను చూశాను. కారణం అన్నచోట ఒకే ముక్క రాశాడు: పోరడు 13 కిలోల 800.

ఆ తర్వాత ఆయనకు పద్నాలుగు నెలలు సర్వీసు మిగిలింది. ఆ పద్నాలుగు నెలలూ పిల్లలకు గోళీ ఇవ్వలేదు. కాంటా మాత్రం వెనక డోరుకు తగిలించే ఉంచాడు. జ్వరం పిల్లాడితో ఎవరు ఎక్కినా తూచి, ఆ అంకెను టికెట్టు వెనక రాసి తల్లి చేతిలో పెట్టేవాడు. దవాఖానలో కానీ మందుల షాపులో కానీ ముందు గిది చూపెట్టు, తర్వాత నోరు తెరువు అనేవాడు. మందుతో వచ్చే కొలత మూతతోనే పోయాలని, ఇంట్లో ఎవరెవరు ఏం వేశారో ఒక్కరే గుర్తుపెట్టుకోవాలని చెప్పేవాడు. పెద్దవాళ్ళు గోళీ అడిగితే ఇంతకుముందు ఎప్పుడు మింగినవు అని చేతి గడియారం చూసుకునేవాడు. చాలామందికి ఇది అవమానంగా తోచింది. పైసలు పెట్టి కొన్నట్టు ఇన్ని సవాళ్ళేంది అని ఒకాయన నా ముందే విసుక్కున్నాడు. నవ్వమని పిల్లలను అడగడం కూడా ఆయన మానేశాడు. తల్లి నాలుగంటే నాలుగే అనుకుని టికెట్ కొట్టేవాడు కాదు.

కానీ ఇవన్నీ తర్వాతి సంగతులు. బుధవారం పొద్దున ఇవేవీ ఇంకా లేవు.

బుధవారం నేను మొదటి షిఫ్టు మార్చుకుని దవాఖానకు వెళ్ళాను. రెండో పరీక్ష కాగితం అప్పుడే తల్లి చేతికి వచ్చింది. ఆమెకు చదవడం రాదు. నా చేతికి ఇచ్చేలోగా కండక్టర్ వచ్చాడు. యూనిఫాం మీదే ఉన్నాడు, ఆటో కోసం ఆగకుండా నడిచి వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. కాగితం నేరుగా ఆయనే తీసుకున్నాడు. పాస్‌లు తనిఖీ చేసేటప్పటిలాగే బొటనవేలిని ఒక్కో వరుస కింద పెట్టుకుంటూ వచ్చాడు.

"ఇండ్ల ఏది చూడాలె తమ్మీ?"

లివరు వరుస చూపించాను.

"ఎంత లోపల ఉండాలె?"

నలభై అన్నాను.

తల్లి ఆయన ముఖం వంకే చూస్తోంది. మంచం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆయన బొటనవేలు అంకె మీద ఉంది. రెండు క్షణాలు దాన్ని తీయలేదు. తర్వాత పక్కకు జరిపాడు.

ముప్పై ఒకటి.